ఇటుక రంగు టైలు అంటిస్తే లూయీ కాన్ స్ఫూర్తి అయినట్టేనా?

ఎర్రమట్టి:
కొత్త ఇళ్ల ఎలివేషన్లలో ఎర్ర ఇటుక ఎక్కువగా కనిపిస్తోంది. డిజైనర్లను అడిగితే అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయీ కాన్ పేరు చెప్పి, ఆయన డిజైన్ చేసిన అహ్మదాబాద్ ఐఐఎం ఫొటో చూపిస్తారు. తీరా దగ్గరికి వెళ్తే లోపల కాంక్రీటు పిల్లర్లు, సిమెంటు దిమ్మెల గోడ, దాని మీద అంగుళం మందం కూడా లేని ఇటుక రంగు టైలు. దీన్ని స్ఫూర్తి అనడానికి నాకు మనసొప్పదు. ఇటుకను ఏం కావాలని అడిగితే కమాను కావాలంటుందని, కమానుకు ఖర్చెక్కువ, దాని బదులు తలుపు పైన అడ్డంగా కాంక్రీటు లింటెల్ వేస్తానన్నా అది మాట మార్చదని విద్యార్థులకు చెప్పిన మనిషి ఆయన. బరువు మోయని ఇటుకకు ఆయన పేరు తగిలించడం అన్యాయం. మీరేమంటారు?

రెండువందలగజాలు:
అన్యాయం అన్నది పెద్ద మాటండీ. చిన్న స్థలంలో మూడంతస్తులు వేసుకునేవాళ్లు గోడల మీద స్లాబు మోయించాలంటే ఆ మందానికే గదులు ఇరుకైపోతాయి. పిల్లర్లు తప్పనప్పుడు, ఆ రంగు, ఆ గరుకుదనం నచ్చి తెచ్చుకుంటే తప్పేముంది? గోపురం చూసి ముచ్చటపడి గుమ్మానికి పద్మం చెక్కించుకున్నవాడిని ఎవరూ ఆగమశాస్త్రం అడగరు కదా. పైగా ఆయన కట్టినవే కష్టంలో ఉన్నాయి. 18 వసతి గృహాల్లో 14 కూల్చేస్తామని 2020 డిసెంబరులో ఐఐఎం వాళ్లే చెప్పారు.

సైటుమనిషి:
ఆ ప్రకటనను ప్రపంచవ్యాప్తంగా వచ్చిన నిరసనల తర్వాత 2021 జనవరి 1న వెనక్కి తీసుకున్నారు. మళ్లీ 2022 నవంబరులో కొన్ని భవనాల మరమ్మతు ఆపి, తిరిగి కట్టాలని నిర్ణయించారు. కారణాలుగా చెప్పినవి ఇటుక నాణ్యత, గోడల్లో పొదిగిన ఇనుప కడ్డీల తుప్పు, 2001 భూకంపం చేసిన నష్టం. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి ఇటుకను లోపలి నుంచే చీలుస్తుంది. అయినా అదే ఆవరణలోని గ్రంథాలయాన్ని శ్రద్ధగా పునరుద్ధరిస్తే 2019లో యునెస్కో పురస్కారం వచ్చింది. కాబట్టి బాగుచేయలేనివని తీర్పు చెప్పేయకండి. పూత లేని గోడ కావాలనుకునేవారు మాత్రం బాగా కాలిన ఇటుక ఎంచుకోవాలి, పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులు పూడ్చడం) సరిగా చేయించాలి, పైన సన్‌షేడ్ వదలాలి. లేకపోతే రెండు వానాకాలాల్లో చెమ్మ, తెల్లటి ఉప్పు బయటికొస్తాయి.

ఎర్రమట్టి:
గోపురం పోలిక బాగుంది, కానీ కాన్ విషయంలో అది నిలవదు. ఆయన కూడా పాతవాటి నుంచి తెచ్చుకున్నవాడే. 1950-51లో రోమ్‌లోని అమెరికన్ అకాడమీలో ఉండి శిథిలాలు చూశాడు, ఈజిప్టు, గ్రీసు తిరిగాడు. తిరిగొచ్చాక ఏ భవనానికైనా రోమన్ స్తంభాలు అతికించాడా? లేదు. బరువైన గోడ, అందులో పెద్ద ఖాళీ, ఆ ఖాళీలోంచి లోపలికి జారే వెలుగు, ఇవీ తెచ్చుకున్నవి. అవి అహ్మదాబాద్ ఎండకు ఎలా పనికొచ్చాయో చూడండి. బయటి గోడలో గాజు లేని పెద్ద గుండ్రటి రంధ్రాలు, వాటి వెనక లోతైన వరండా, ఆ తర్వాతే గది. గదిలోకి వెలుతురు వస్తుంది, మండే ఎండ రాదు.

ఆయనే డిజైన్ చేసిన ఢాకా పార్లమెంటు భవనం నాకు ఇంకా ఇష్టం. అక్కడ కాంక్రీటును ఐదేసి అడుగుల ఎత్తున పోసుకుంటూ పోయారు. ఒక విడత మీద మరో విడత కూర్చున్న చోట అతుకు వికారంగా వస్తుంది. సరిగ్గా అక్కడే తెల్ల పాలరాతి పట్టీలు పెట్టించాడు. దూరం నుంచి అలంకారంలా కనిపించే ఆ గీతలు, గోడ ఎలా లేచిందో చెప్పే గుర్తులు. 1974లో ఆయన పోయాక, 1982కి గానీ అది పూర్తికాలేదు.

చిన్న స్థలంలోనూ ఇది సాధ్యమే. పిల్లర్లు, బీములు దాచకండి. పడమటి వైపు బాల్కనీకి ఇటుకల మధ్య ఖాళీలు వదిలిన జాలీ గోడ కట్టించండి. అది స్లాబును మోయకపోయినా మూడింటి ఎండను ఆపుతుంది. ఇటుకకు అక్కడ పని ఉంది.

రెండువందలగజాలు:
జాలీ గోడ ఆలోచన నచ్చింది, ప్లానులో పెట్టమని అడుగుతాను. టైలు అంటించుకున్నవాళ్లు అన్యాయం చేశారన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఐఐఎంను కంటితో చూడలేని వాళ్లకు ఆ గోడ మీద ఇష్టం కలగడానికి అది తొలిమెట్టు కావచ్చు. సైటుమనిషి గారూ, జాలీకి అంచుల్లో కడ్డీ వేయాల్సి వస్తే తుప్పు సంగతి ఏమిటి?

సైటుమనిషి:
ఇటుకల మధ్య మసాలాలో కడ్డీ పెట్టకండి. జాలీకి రెండు పక్కలా సన్నటి కాంక్రీటు నిలువులు పోయించి కడ్డీలు వాటిలోనే ఉంచండి, కడ్డీ చుట్టూ తగినంత కవర్, అంటే కాంక్రీటు మందం, ఉండాలి. జాలీ పొడవు, ఎత్తు ఎంతో చెబితే మిగతాది చెప్పగలను.