క్లాండన్ భవనాన్ని మళ్లీ కట్టాలా, కాలిన గోడల్నే చూపించాలా?

రాతిగోడ: ఇంగ్లండ్‌లోని సర్రేలో గిల్డ్‌ఫర్డ్ దగ్గర వెస్ట్ క్లాండన్ అనే పల్లెలో, ఆన్‌స్లో కుటుంబం 18వ శతాబ్దంలో కట్టించుకున్న క్లాండన్ పార్క్ భవనం 2015 ఏప్రిల్ 29న కాలిపోయింది. బేస్‌మెంట్‌లో కరెంటు బోర్డు దగ్గర పుట్టిన మంట పైకప్పు దాకా పాకింది. కింది అంతస్తులోని ముఖ్యమైన గదుల్ని పాత రూపంలోనే కడతామని ముందు చెప్పిన నేషనల్ ట్రస్ట్ (పాత కట్టడాల్ని కాపాడే బ్రిటన్ సంస్థ), 2022లో మాట మార్చింది. కాలిన ఇటుకల్ని అలాగే ఉంచి, మధ్యలో నడకదారులు వేస్తారట. ఇది అన్యాయం. 1989లో కాలిన అప్‌పార్క్ అనే మరో పాత భవనాన్ని ఇదే ట్రస్ట్ బాగుచేసి 1995లో తెరిచింది కదా!

నాపరాయి: అప్‌పార్క్‌తో పోలిక కుదరదండీ. అక్కడ మంట పైనుంచి కిందికి దిగింది, కింది గదుల సామాను చాలావరకు బయటికి చేర్చగలిగారు. క్లాండన్‌లో అంతస్తులే కూలిపోయాయి. స్పీకర్స్ పార్లర్ అనే గది ఒక్కటే దాదాపు నిలిచింది. ఇంట్లోని ప్రధాన హాలైన మార్బుల్ హాల్ సీలింగ్ మీద చట్రం దాటి కాళ్లు బయటికి వేలాడే ఆ గచ్చు బొమ్మలు, అర్తారి, బగుత్తి అనే గచ్చు శిల్పుల చేతిపని, పోయాయి. ఇప్పుడు చేసినవి మన కాలపు బొమ్మలే అవుతాయి. కాలిన గోడల్లో ఇటుక ఎలా పేర్చారో, చెక్క ఎక్కడ దిగిందో కళ్లారా కనిపిస్తోంది. అది దాచేయడం ఎందుకు?

రాతిగోడ: మన కాలపు బొమ్మలైతే తప్పేంటి? అప్‌పార్క్ కోసమే చేత్తో గచ్చు మలిచే పాత పద్ధతిని పనివాళ్లు మళ్లీ నేర్చుకున్నారు. పని దొరక్కపోతే విద్య నిలవదు. రైస్‌బ్రాక్ చెక్కిన పాలరాతి పొయ్యిగూళ్లు హాల్లో మంటకు తట్టుకుని మిగిలాయి. వాటి చుట్టూ కాలిన గోడ ఉంటే ఆ శిల్పానికి అర్థమేముంటుంది?

తోటమాలి: ఇద్దరూ ఇల్లే చూస్తున్నారు. తోటలో ఉన్న హినెమిహి సంగతేంటి? న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు చెక్కిన సభా గృహం అది. 1886లో తరవేరా అగ్నిపర్వతం పేలిన రాత్రి అక్కడి తె వైరోవా ఊళ్లో జనం అందులోనే తలదాచుకుని బతికారు. న్యూజిలాండ్ గవర్నర్‌గా ఉన్న లార్డ్ ఆన్‌స్లో 1892లో ఇక్కడికి తెచ్చుకున్నాడు. మావోరీలకు ఆ గృహమే ఒక పూర్వీకురాలు. చెక్కడాలు తిరిగి పంపడానికి, బదులుగా కొత్తవి తీసుకోవడానికి ట్రస్ట్ ఒప్పుకుంది. నా లెక్కలో ఆ పనే ముందు.

నాపరాయి: ఆ విషయంలో నాకు రెండో మాట లేదు.

రాతిగోడ: నాకూ లేదు. కానీ మార్బుల్ హాల్ ఒక్కటైనా కట్టండని అడగడం మాత్రం మానను.