ఫ్రెంచ్ గ్రిప్ ఫాయిల్‌కు టేపు చుట్టవచ్చునా?

బ్రాడీపేట ఫాయిల్ (గుంటూరు):
విజయవాడ, గుంటూరు సాధకులం ఆదివారాలు కలిసి, పోటు తగిలితే యంత్రానికి తెలిపే విద్యుత్ తీగలు లేని మామూలు ఫాయిల్‌తో (ఫెన్సింగ్ అనే కత్తిసాములో వాడే తేలికపాటి కత్తితో) క్లాసికల్, అంటే పాతకాలపు, పద్ధతిలో సాధన చేస్తున్న సంగతి ఇక్కడ చాలామందికి తెలిసిందే. ఎండలు ముదిరినప్పటి నుండి, పారీ చేసిన (ఎదుటి కత్తిని అడ్డుకొన్న) ప్రతిసారీ ఫ్రెంచ్ గ్రిప్ అనే పొడవాటి పిడి చేతిలో తిరిగిపోతున్నదని కొత్తవారు వాపోతున్నారు. కొందరు బ్యాడ్మింటన్ రాకెట్‌కు వేసే టవల్ గ్రిప్‌ను పిడికి చుట్టుకొని వచ్చారు. ఒకరు ఏకంగా తుపాకీ పిడిలా వేళ్ళకు అమరే పిస్టల్ గ్రిప్ ఉన్న ఫాయిలే తెచ్చుకున్నారు. ఇవేవీ కూడవని పెద్దలు అంటున్నారు. ఈ ఆంక్షలు పెట్టిన ఫ్రాన్సు వారికి కృష్ణ ఒడ్డున మే నెల ఉక్కపోత తెలియదు కదా! నా మటుకు టేపును అనుమతించాలి, పట్టు బలహీనంగా ఉన్నవారికి పిస్టల్ గ్రిప్ కూడా ఇవ్వాలి.

పటమట పాతకాపు (విజయవాడ):
పిడి తిరుగుతున్నదంటే ముందుగా చూడవలసింది చెమటను కాదండీ, వేళ్ళను. ఫ్రెంచ్ పిడి గుండ్రటి కర్ర కాదు. దానికి పలకలు ఉంటాయి, స్వల్పమైన వంపు ఉంటుంది. బొటనవేలు గార్డుకు (చేతిని కాపాడే పళ్ళేనికి) కాస్త ఇవతల వెడల్పు పలక మీద పరుచుకోవాలి, చూపుడువేలు దానికి ఎదురుగా కింద ఆనాలి. మొనను నడిపేవి ఆ రెండే. మిగిలిన మూడు వేళ్ళూ సాయానికి ఉన్నవి. ఎదుటి బ్లేడు తగిలిన క్షణంలో అవి బిగిసి, మరుక్షణం సడలాలి. కొత్తవారు ఐదు వేళ్ళతోనూ పిడికిలి బిగిస్తారు కనుక, పారీ రాకముందే ముంజేయి గట్టిపడి, డిజంగేజ్ చేయవలసి (మొనను ఎదుటి బ్లేడు కింద నుండి అవతలికి తిప్పవలసి) వచ్చినప్పుడు మొన వేళ్ళతో గాక మోచేతితో తిరుగుతుంది. పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవాలని అందరూ చెబుతారు గానీ, నాకా ఉపమానం అంతగా రుచించదు. ఎప్పుడు బిగించాలో అది చెప్పదు.

అంతర్జాతీయ నియమాల ప్రకారం ఫాయిల్ బరువు 500 గ్రాములకు మించకూడదు. అంత తేలికైన ఆయుధానికి అంత బిగింపు దేనికి? ఒక పరీక్ష చేయండి. సాధకుణ్ణి ఆన్ గార్డ్‌లో (పోరుకు సిద్ధంగా ఉండే భంగిమలో) నిలబెట్టి, చిటికెన, ఉంగరపు వేళ్ళు పిడి మీద నుండి ఎత్తించి, మొనతో గాలిలో రూపాయి బిళ్ళంత సున్నాలు చుట్టమనండి. చుట్టగలిగినవారికి టేపు అక్కరలేదు. చుట్టలేనివారికి టేపు ఇస్తే, ఉన్న తప్పును ఇంకాస్త హాయిగా చేసుకొమ్మని చెప్పినట్టే.

అలాగని ఏ సాయమూ వద్దని నేను అనడం లేదు. పిడికి కట్టి వేళ్ళకు తగిలించుకునే పట్టీ, అంటే మార్టింగేల్, క్లాసికల్ సాధనలో ఉన్నదే. చేయి జారినా కత్తి ఎగిరి పక్కవారి మీద పడకుండా అది ఆపుతుంది. ఇటాలియన్ గ్రిప్ వాడేవారు పిడిని పట్టీతో మణికట్టుకే కట్టుకునేవారు. మార్టింగేల్ వేళ్ళ పనిని తన మీద వేసుకోదు, టేపు వేసుకుంటుంది.

లబ్బీపేట ఎడమచేయి (విజయవాడ):
ఇద్దరూ గ్లవ్‌ను మరచిపోయినట్టున్నారు. చెమట పుట్టేది గ్లవ్ లోపల. మొదట జారేది చేతికీ గ్లవ్‌కూ మధ్యనే తప్ప గ్లవ్‌కూ పిడికీ మధ్య కాదు. బయట ఎంత టేపు చుట్టినా లోపలి జారుడు పోదు. రెండు జతలు తెచ్చుకొని, ఒకటి ఆరుతుండగా రెండవది వేసుకుంటే సగం గొడవ తీరుతుంది. మాలాంటి ఎడమచేతివాటం వారికి కుడిచేతి వంపు ఉన్న పిడి ఇచ్చి, పట్టు సరిగా లేదని మందలించడం కూడా ఇక ఆపితే సంతోషిస్తాను.

బ్రాడీపేట ఫాయిల్:
గ్లవ్ మాట ఒప్పుకుంటాను. పిస్టల్ గ్రిప్‌ను మాత్రం సోమరితనంగా చూడకండి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ నాటికి ఫాయిల్‌కు విద్యుత్ యంత్రం వచ్చింది. మొన దగ్గర స్ప్రింగు బటన్ చేరి బ్లేడు ముందుకు బరువెక్కింది, దాన్ని అదుపు చేయడానికి పిస్టల్ గ్రిప్ వైపు మొగ్గు పెరిగింది. అవసరం వచ్చింది, పిడి మారింది. మన అవసరం మన వాతావరణం.

పటమట పాతకాపు:
మీరు చెప్పిన కారణమే నా వైపు సాక్ష్యం. మన ఫాయిల్‌కు ఆ స్ప్రింగూ లేదు, ఆ బరువూ లేదు. పైగా పిస్టల్ గ్రిప్ వంటి ప్రత్యేక ఆకారం గల పిడి చేతికి ఒకే స్థానాన్ని ఖాయం చేయాలనీ, బొటనవేలు పూర్తిగా చాచినప్పుడు దాని కొస గార్డు లోపలి వైపుకు 2 సెంటీమీటర్లకు మించి దూరంగా ఉండకూడదనీ నియమం ఉంది. చేయి ఎక్కడ ఉండాలో పిడే నిర్ణయిస్తే, వేళ్ళతో వెతుక్కొని నేర్చుకునే అవకాశం కొత్తవారికి ఎక్కడిది? పోటీలకు వెళ్ళేవారు తరువాత ఏది కావాలన్నా పట్టుకోవచ్చు.

కొత్తపేట ఎపే (గుంటూరు):
పాతకాపు గారూ, నా ఉంగరపు వేలు పాత గాయం వల్ల పూర్తిగా మడవదు. ఫ్రెంచ్ గ్రిప్‌తో గట్టి బీట్ (బ్లేడు మీద దెబ్బ) తగిలితే ఎపే (ఫాయిల్ కంటే బరువైన కత్తి) చేతిలో నిలవదు. ఇది సాధన లోపం కాదు కదా?

పటమట పాతకాపు:
కానే కాదండీ. పిస్టల్ గ్రిప్‌ను ఆర్థోపెడిక్ గ్రిప్ అనేది మీవంటివారి కోసమే, నిశ్చింతగా వాడండి. నా అభ్యంతరం వేళ్ళన్నీ బాగున్నవారి విషయంలోనే.

బ్రాడీపేట ఫాయిల్:
మన ఫాయిల్ పిడులు కొన్నింటికి తోలు అరిగి నున్నబడింది. వాటికి నూలు దారం చుట్టించమని మీరే లోగడ చెప్పారు. దారం పట్టును పెంచితే తప్పు లేనిది, టేపు పెంచితే తప్పెలా అవుతుందో నాకు ఇంకా బోధపడలేదు.

పటమట పాతకాపు:
తేడా మందంలో ఉంది. టవల్ గ్రిప్ చుట్టగానే పలకల అంచులు మాయమవుతాయి. అంచు తెలియకపోతే చేతిలో పిడి ఎటు తిరిగిందో బొటనవేలికి తెలియదు. దారం సన్నగా, ఒకే వరుసలో చుడితే అంచులు మిగులుతాయి. సన్నటి టేపు ఒక్క పొర చుట్టి అంచులు మిగల్చగలిగితే దానికీ నేను అడ్డు చెప్పను. ఆదివారం మీ పిడి తీసుకురండి. గ్లవ్ వేసుకొని, కళ్ళు మూసుకొని వెడల్పు పలక ఏదో చెప్పగలిగితే ఆ టేపు అలాగే ఉంచుకోండి.