రెండు వేలలో ఇంట్లోనే పేర్లు కొట్టిన లాకెట్లు చేయొచ్చా?

కాకినాడ_పిల్ల:
నమస్తే అండి. రాగి, ఇత్తడి బిళ్ళల మీద పేర్లు కొట్టి లాకెట్లు, కీచైన్లు చేద్దామని ఉంది. రాఖీ పండక్కి మా అపార్ట్‌మెంట్‌లోనే కొందరు అడుగుతున్నారు. ఆన్‌లైన్‌లో విదేశీ కిట్ల రేట్లు చూసి కళ్ళు తిరిగాయి. నా దగ్గరున్నది రెండు వేలు. ఇంట్లో మేకులు కొట్టే సుత్తి ఉంది, అది చాలదా? మాది రెండో అంతస్తు, కింద ఆంటీకి చిన్న చప్పుడు కూడా పడదు. ఇంకో సంగతి, ఇద్దరికి తెలుగులోనే ‘అమ్మ’ అని కావాలట. తెలుగు అక్షరాల సెట్ ఎక్కడా కనపడలేదు.

రిటైర్డ్_ఫిట్టర్:
అమ్మాయ్, కిట్ జోలికి వెళ్ళకు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ పిల్లలు తాము చేసిన జాబ్ మీద రోల్ నంబరు కొట్టుకునే పంచ్‌లే, అంటే కొసన అక్షరం చెక్కిన ఉక్కు కడ్డీలే, నీకూ కావలసింది. హార్డ్‌వేర్ షాపులో ‘లెటర్ పంచ్ సెట్, 3 ఎంఎం’ అని అడుగు. 27 ముక్కలుంటాయి: ఇంగ్లీషు అక్షరాలు 26, ఒక ‘అండ్’ గుర్తు. అంకెల సెట్‌లో మాత్రం తొమ్మిదే వస్తాయి. ఒకటి తక్కువిచ్చాడని షాపతనితో గొడవ పడకు, 6ని తిప్పి పట్టుకుంటే అదే 9.

డబ్బు పెట్టాల్సింది అక్షరాల మీద కాదు, అడుగున పెట్టే దిమ్మె మీద. కింద గట్టి ఉక్కు లేకపోతే దెబ్బంతా బల్ల మింగేస్తుంది. అక్షరం సగమే పడుతుంది, బిళ్ళ వంగిపోతుంది. కొందరు రైలు పట్టా ముక్క వాడమంటారు. వద్దు తల్లీ, అది రైల్వే ఆస్తి, ఎక్కడిదని అడిగితే ఏం చెప్తావు? లేత్ షాపుకి వెళ్ళి అంగుళం మందం ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఉక్కు) ప్లేటు తుండు అడుగు, తూకం లెక్కన ఇస్తారు. నాలుగంగుళాల చదరం ముక్క రెండు కిలోలుంటుంది. పై ముఖం నున్నగా చేసిమ్మను.

మేకుల సుత్తి పక్కన పెట్టు. అర కిలో బాల్ పెయిన్ సుత్తి, అంటే ఒక వైపు చదునుగా, ఇంకో వైపు గుండ్రంగా ఉండేది, కొనుక్కో. పంచ్‌ని నిటారుగా పట్టుకుని ఒక్కటే దెబ్బ వెయ్యాలి. సరిగ్గా పడలేదని రెండోసారి కొడితే అక్షరానికి నీడ వస్తుంది. వరస తప్పకుండా కింద మాస్కింగ్ టేపు అంటించు, పంచ్ అంచు దానికి తగులుతుంటే చేతికి తెలుస్తుంది. పేరులో నడిమి అక్షరం ముందు కొట్టి అటూ ఇటూ వెళ్ళు. కళ్ళకి రక్షణ అద్దాలు లేకుండా మాత్రం సుత్తి ఎత్తకు.

రేకు 20 గేజ్ తీసుకో, అంటే ఇంచుమించు 0.9 ఎంఎం. రాగి గట్టిగా అనిపిస్తే పట్టుకారుతో పట్టుకుని గ్యాస్ మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్ళలో ముంచు, మెత్తబడుతుంది. అల్యూమినియాన్ని మాత్రం అలా కాల్చొద్దు. 660 డిగ్రీలకే కరుగుతుంది, పైగా ఎర్రబడి హెచ్చరించదు. ఉన్నట్టుండి జారిపోతుంది.

బెజవాడ_రాగిరేకు:
బాబాయిగారు చెప్పిందానికి కొంచెం కలుపుతా చెల్లీ. కొట్టాక అక్షరాల్లో నల్ల పర్మనెంట్ మార్కర్ నింపి, పైపైన గుడ్డతో తుడిచేస్తే గుంటల్లోనే నలుపు నిలుస్తుంది. రాగికైతే ఇంకో పద్ధతి: ఉడికించిన కోడిగుడ్డుని వేడిగా ఉండగానే చిదిపి, బిళ్ళతో పాటు మూత డబ్బాలో పెట్టు. సొనలోని గంధకం రాగిని నల్లబరుస్తుంది. ఇత్తడికి అంత బాగా పట్టదు. చింతపండుతో తోమే పనేదైనా ఉంటే దీనికి ముందే కానిచ్చుకో, తర్వాత తోమితే ఆ నలుపు కూడా పోతుంది.

చెమటకి రాగి మెడ మీద పచ్చగా మరక చేస్తుంది. కొనేవాళ్ళకి ముందే చెప్పెయ్, లేకపోతే ఫోన్లు వస్తాయి. నేనైతే రాగితో కీచైన్లే చేస్తాను, లాకెట్లకి అల్యూమినియమే.

చప్పుడు సంగతి: పాత జీన్సు కాలు కుట్టి ఇసక నింపి దిమ్మె కింద పెడితే మోత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. పని సెల్లార్‌లోకి మార్చుకో. ఆ ఆంటీతో గొడవకంటే రెండంతస్తులు దిగడమే నయం.

కాకినాడ_పిల్ల:
చాలా థాంక్సండీ ఇద్దరికీ! మరి ‘అమ్మ’ సంగతి?

రిటైర్డ్_ఫిట్టర్:
దానికి సెట్ అక్కర్లేదు. మీ ఇంట్లో పాత స్టీలు గిన్నెల అంచు మీద పేర్లు చూడు, చుక్క పక్కన చుక్క. అదే పద్ధతి. ప్రిక్ పంచ్ తీసుకో, అంటే చుక్క పెట్టే మొనదేలిన ఉక్కు కడ్డీ. దాని మొన, డ్రిల్లు వేసే చోట గుర్తు పెట్టే సెంటర్ పంచ్‌కంటే సన్నం. ‘అమ్మ’ అని కాగితం మీద ప్రింట్ తీసి బిళ్ళకి జిగురుతో అంటించి, గీత వెంబడే కాగితం మీద నుంచే చిన్న చిన్న దెబ్బలు వెయ్. తర్వాత నానబెట్టి కాగితం ఊడదీసెయ్. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి చుక్కల్లో చక్కగా ఒదుగుతాయి. అక్షరం సెంటీమీటరుకి తగ్గకూడదు, తగ్గితే కింది మ-ఒత్తు చుక్కలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. బిళ్ళ కూడా దానికి తగ్గట్టు మూడు సెంటీమీటర్లది కోయించుకో.