చిలీలో అలెండేను కూల్చింది అమెరికా డాలర్లా, ఆయన సొంత తప్పిదాలా?

కృష్ణాతీరం:
ఇందిరాగాంధీ కాలం నుంచి ‘విదేశీ హస్తం’ అన్న మాట వాడి వాడి అరగదీశాం. నిజంగా హస్తం ఉన్నచోట కూడా జనం ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నారు. మొన్న పెళ్లిలో మా మేనమామ కూడా అలాగే నవ్వాడు. ‘ఓడినవాడికి ఎప్పుడూ ఎవరో ఒకరు కుట్ర చేసినట్టే ఉంటుంది’ అన్నాడు. నేను చిలీ కథ ఎత్తాను. పప్పు వడ్డించే లోపల అది తేలలేదు కాబట్టి ఇక్కడికి తెచ్చాను.

1970 సెప్టెంబరు 4న జరిగిన ముక్కోణపు అధ్యక్ష పోటీలో సోషలిస్టు నాయకుడు సాల్వడార్ అలెండేకు 36.6 శాతం ఓట్లతో మొదటి స్థానం వచ్చింది. ఎవరికీ సగం దాటకపోతే అధ్యక్షుణ్ని పార్లమెంటు ఎన్నుకోవాలన్నది అక్కడి రాజ్యాంగం. అక్టోబరు 24న 153–35 ఓట్లతో అలెండేనే ఎన్నుకుంది కూడా. కానీ సెప్టెంబరు 15ననే అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన గూఢచారి సంస్థ సీఐఏ అధిపతి హెల్మ్స్‌ను పిలిపించి, ఈయన గద్దె ఎక్కకూడదని చెప్పేశాడు. హెల్మ్స్ చేతిరాతలో ‘కోటి డాలర్లు సిద్ధం’, ‘ఆర్థిక వ్యవస్థ కేకలు పెట్టాలి’ అన్న మాటలున్నాయి. ఆ తర్వాత మూడేళ్లలో ప్రతిపక్షాలకు, పత్రికలకు చేరింది 80 లక్షల డాలర్ల పైమాటే. ఒక్క ‘ఎల్ మెర్కూరియో’ పత్రికకే 16 లక్షలు దాటింది. ఇవన్నీ 1975లో అమెరికా సెనేట్ వేసిన చర్చ్ కమిటీ విచారణలో బయటపడినవే. 1973 సెప్టెంబరు 11న సైన్యం తిరగబడింది, అధ్యక్ష భవనం మీద సొంత వైమానిక దళమే బాంబులు వేసింది. దీన్ని అమెరికా చేసిన పని అనకపోతే ఏమనాలి?

లెక్కల మాస్టారు:
కృష్ణాతీరం గారూ, ఒక లెక్క మీరు వదిలేశారు. మొదటి ఏడాది జీతాలు పెంచి, ధరలు బిగించి, లోటును నోట్ల అచ్చుతో పూడ్చారు. కొన్నాళ్లు పండగలాగే ఉంటుంది. 1972 చివరికి ద్రవ్యోల్బణం 150 శాతం దాటింది, మరుసటి ఏడాది 500 దాటింది. మాంసానికి, నూనెకు క్యూలు. 1971 డిసెంబరులోనే ఆడవాళ్లు ఖాళీ గిన్నెలు మోగిస్తూ రాజధాని శాంటియాగో వీధుల్లోకి వచ్చారు. ఆ గిన్నెలు ఖాళీ అయింది సీఐఏ వల్లేనా? నోట్లు అచ్చువేసిన యంత్రం ఎవరి చేతిలో ఉంది? పైగా మూడో వంతు ఓట్లతో వచ్చినవాడు దేశాన్ని తలకిందులు చేయబోతే, మిగతా రెండు వంతులు చేతులు కట్టుకుని కూర్చుంటాయా?

డబ్బు ఒకవైపు నుంచే రాలేదు కూడా. 1970 ఎన్నికలో అలెండేకు క్యూబా నుంచి మూడున్నర లక్షల డాలర్లు అందాయని అదే చర్చ్ కమిటీ రాసింది. మీకు నచ్చిన పేజీలు మాత్రమే చదివితే ఎలా?

వేపచెట్టు:
పరాయి డబ్బు అంత దూరంలోనే లేదు. 1978లో, అంతకుముందు ఢిల్లీలో అమెరికా రాయబారిగా పనిచేసిన మొయినిహాన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు: కేరళలో ఒకసారి, పశ్చిమ బెంగాల్‌లో ఒకసారి కమ్యూనిస్టులు గెలవకుండా ఒక పార్టీకి డబ్బు ఇచ్చామని. ఆ పార్టీ కాంగ్రెస్. ఒక విడత ఇందిరాగాంధీ చేతికే ఇచ్చామన్నాడు. ఆమె కాదన్నారు. విదేశీ హస్తం గురించి అందరికంటే ఎక్కువ మాట్లాడింది ఎవరో గుర్తు చేసుకోండి!

పాత సంచిక:
చిలీకే వద్దాం. కథ 1970లో మొదలైందనుకోవడమే పొరపాటు. 1964 ఎన్నికలో క్రిస్టియన్ డెమోక్రాట్ నాయకుడు ఎడ్వర్డో ఫ్రే ప్రచార ఖర్చులో సగానికి పైగా సీఐఏ భరించింది. అంటే 1970 నాటికి, తర్వాత అలెండేకు ప్రతిపక్షమైన ఆ పార్టీని అప్పటికే ఆరేళ్లుగా మేపుతున్నారు.

సైన్యం మాటకొస్తే, తిరుగుబాటుకు అసలు అడ్డు జనరల్ రెనే ష్నైడర్. సైన్యం రాజ్యాంగానికి కట్టుబడాలని పట్టుబట్టిన సేనాధిపతి. 1970 అక్టోబరు 22న ఆయనను అపహరించబోయి కాల్చారు, మూడో రోజు చనిపోయారు. అపహరణ కుట్రలో ఉన్న ఒక బృందానికి సీఐఏ తుపాకులు అందించింది. కాల్చింది ఆ బృందం కాదు, ఇంకొకటి. ఆ రెండో బృందానికి కూడా తర్వాత సీఐఏ నుంచి 35,000 డాలర్లు ముట్టాయి.

మాస్టారు గారి వైపు కూడా ఒక మాట. 1973 తిరుగుబాటులో అమెరికా నేరుగా పాల్గొన్నట్టు రుజువు దొరకలేదని కమిటీ తేల్చింది. అది కూడా ఆ నివేదికలో ఉంది.

కృష్ణాతీరం:
‘అమెరికా చేసిన పని’ అన్న నా మొదటి మాట కాస్త ముతకగా ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ మాస్టారు గారూ, మీ లెక్కే నా వాదనకు పనికొస్తుంది. ధరలు చేయి జారిన దేశంలో డాలరు విలువ ఏమైంది? నల్లబజారులో అధికారిక ధరకు ఎన్నో రెట్లు పలికింది. వాషింగ్టన్ పద్దులో 80 లక్షలు చిన్న మొత్తమే. శాంటియాగోలో దాన్ని అక్కడి డబ్బు పెసోలుగా మారిస్తే అది కొండ. అలెండే తప్పులు ఎంత ముదిరితే, ఆయన ప్రత్యర్థుల చేతిలోని డాలరు అంత బలిసింది. మీరు చెప్పిన కారణం, నేను చెప్పిన కారణం ఒకదాన్నొకటి మేపాయి. విడదీసి తూకం వేయలేం.

ఇంకొకటి. పార్టీ ఖజానా ఎండిపోతే రాజీ గుర్తొస్తుంది. 1973 జులై, ఆగస్టుల్లో అలెండేకు, క్రిస్టియన్ డెమోక్రాట్లకు మధ్య చర్చలు జరిగి విఫలమయ్యాయి. బయటి నుంచి వచ్చే డబ్బుతో ఎన్నాళ్లయినా బిగుసుకుని కూర్చోగల పార్టీకి తొందరేముంటుంది? అమెరికా ఆర్థిక సాయం 1969లో మూడున్నర కోట్ల డాలర్లు, 1971లో 15 లక్షలు. సైన్యానికి ఇచ్చే సాయం మాత్రం ఆగలేదు. ఎవరితో తెగతెంపులు చేసుకున్నారో, ఎవరితో చుట్టరికం నిలుపుకున్నారో అందులోనే తెలుస్తోంది.

లెక్కల మాస్టారు:
నల్లబజారు సంగతి నాకు తట్టలేదు. మంచి మాట. కానీ 1973 మార్చి ఎన్నికల్లో దాదాపు 55 శాతం మంది ప్రతిపక్షానికి ఓటేశారు. ఆగస్టు 22న ప్రభుత్వం రాజ్యాంగం మీరుతోందని దిగువ సభ 81–47తో తీర్మానించింది. పరాయి డబ్బు తిన్న పార్టీకి పడినంత మాత్రాన ఆ ఓటు దొంగ ఓటు అవుతుందా? క్యూలో నాలుగు గంటలు నిలబడ్డ మనిషికి సొంత కోపం ఉండదా?

పాత సంచిక:
ఉంటుంది. ఆ కోపానికి దారి కూడా ఉంది. అలెండేను అభిశంసించి దించాలంటే మూడింట రెండు వంతుల బలం కావాలి. మార్చిలో ప్రతిపక్షం ఆ గీత అందుకోలేదు. అధికార కూటమికి 43 శాతానికి పైగా వచ్చాయి. తర్వాతి అధ్యక్ష ఎన్నిక 1976లో ఉంది, మూడేళ్లు ఓపిక పడితే సరిపోయేది. సైన్యం వచ్చి పార్లమెంటునే మూసేసింది. డబ్బు అందుకున్న క్రిస్టియన్ డెమోక్రాట్ల పార్టీని కూడా 1977లో రద్దు చేసింది. మూడు వేల మందికి పైగా చంపబడ్డారు లేదా జాడ లేకుండా పోయారు. మీరు చెప్పిన ఆ 55 శాతం మంది మళ్లీ అధ్యక్షుణ్ని ఎన్నుకున్నది 1989 డిసెంబరులో.

లెక్కల మాస్టారు:
దానికి నా దగ్గర జవాబు లేదు. నోట్ల అచ్చు గురించి అన్నది మాత్రం వెనక్కి తీసుకోను.

వేపచెట్టు:
కృష్ణాతీరం గారూ, ఇంతకీ మేనమామ గారికి ఏం చెప్పబోతున్నారు?

కృష్ణాతీరం:
ష్నైడర్ సంగతి చెబుతాను. దానికి నవ్వడం కష్టం.