విశాఖ డాక్టరు వీడియోలో చూసి రాసిన చీటీ పర్లాకిమిడిలో చెల్లదా?

ప్రశ్న (ఒడిశాలోని పర్లాకిమిడి వాసి):
మా అమ్మగారికి షుగరు, బీపీ ఉన్నాయి. విశాఖపట్నం డాక్టరు గారికి మొదట నేరుగానే చూపించాం. మోకాళ్ల నొప్పులతో ఆమె ప్రయాణం చేయలేకపోతున్నందున ఇప్పుడు ఒక యాప్ ద్వారా వీడియోలో చూస్తున్నారు. ఆయన పంపిన చీటీని ఫోనులో చూపిస్తే, "ఇది ఆంధ్రా చీటీ, పైగా ఫోనులోది" అంటూ ఇక్కడి మందుల షాపులో ఏదీ ఇవ్వలేదు. అందులో మెట్‌ఫార్మిన్, ఆమ్లోడిపిన్, నిద్రకు ఆల్ప్రాజోలం ఉన్నాయి. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లి తెచ్చుకోవడం పెద్ద దూరమేమీ కాదు గానీ, నిబంధన ఏమిటో తెలుసుకోవాలని ఉంది. మరొక సంగతి: అప్పటి నుంచి షుగరు ఉన్నవారికి ప్రత్యేక పాలసీ అంటూ బీమా వాళ్ల ఫోన్లు వస్తున్నాయి. యాప్‌లో ఇంగ్లీషులో వచ్చిన పేజీ కింద 'అంగీకరిస్తున్నాను' అని నొక్కిన మాట నిజమే. అంతమాత్రాన వివరాలు బయటికి ఇచ్చేయవచ్చునా?

జవాబు (న్యాయవాది, బరంపురం):
రాష్ట్రం వేరన్న అభ్యంతరం నిలబడదండి. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ (ఫోను, వీడియో ద్వారా వైద్యం) మార్గదర్శకాలు, 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళికి అనుబంధంగా చేరినవి, దేశంలో ఎక్కడ నమోదైన వైద్యుడైనా ఏ ప్రాంతపు రోగికైనా దూరం నుంచి సలహా ఇవ్వవచ్చునని స్పష్టంగా చెబుతున్నాయి. సంతకం చేసిన చీటీ ఫొటోను గానీ, స్కాన్‌ను గానీ, ఈ-ప్రిస్క్రిప్షన్‌ను గానీ రోగికి పంపడానికి కూడా అవి అనుమతిస్తున్నాయి. అయితే దాని మీద వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి.

జవాబు (మందుల షాపు, రాయగడ):
లాయరు గారు చెప్పింది సరైనదే, కానీ మూడో మందు దగ్గర ఆగాలి. ఆల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం) కింద మనఃప్రభావక పదార్థం, అంటే మనసు మీద పనిచేసే మందు. అలాంటి వాటిని టెలిమెడిసిన్‌లో రాయకూడదని ఆ మార్గదర్శకాలలోనే ఉంది. పైగా అది షెడ్యూల్ హెచ్1 (అమ్మకం మీద అదనపు నియంత్రణ ఉన్న మందుల జాబితా) మందు కనుక, అమ్మిన ప్రతిసారీ డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. తనిఖీకి వచ్చిన డ్రగ్ ఇన్‌స్పెక్టరు మొదట అడిగేది ఆ పుస్తకాన్నే. కాబట్టి ఆ ఒక్కటి ఇవ్వనందుకు ఆ షాపతనిని తప్పుపట్టలేం. మిగిలిన రెండూ ఆపడానికి మాత్రం నాకు కారణం కనిపించడం లేదు. నిద్ర మందు విషయం డాక్టరు గారితోనే మాట్లాడండి. చాలాకాలంగా వాడుతున్నట్లయితే ఉన్నపళంగా మానిపించవద్దు.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండి. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం రెండూ ఉన్నాయి. ఇక ఆ బీమా ఫోన్ల సంగతి?

జవాబు (న్యాయవాది, బరంపురం):
సమాచార సాంకేతిక చట్టం 43ఏ సెక్షను కింద 2011లో వచ్చిన నియమాలు వైద్య రికార్డులను సున్నితమైన వ్యక్తిగత సమాచారంగా లెక్కిస్తాయి. వాటిని మూడో వ్యక్తికి ఇవ్వాలంటే ముందుగా మీ అనుమతి ఉండాలి. అందువల్ల మీరు నొక్కిన ఆ పేజీలో బీమా సంస్థలకు ఇస్తామన్న మాట ఉందో లేదో ముందు చూడండి. ఉంటే ఆ అనుమతిని ఉపసంహరించుకుంటున్నట్లు రాతపూర్వకంగా తెలియజేయండి. లేకపోతే యాప్ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు వెబ్‌సైటులో పెట్టడం, నెలలోగా ఫిర్యాదును పరిష్కరించడం వాళ్ల బాధ్యత. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనో ఒడియాలోనో కూడా, మీ అనుమతి కోరే నోటీసును చదువుకునే వీలు కల్పించాలి. కానీ ఆ చట్టపు నియమాలు 2025 నవంబరులోనే వచ్చాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఉంది, కాబట్టి అంతవరకు 2011 నియమాల మీదే ఆధారపడాలి. డబ్బు చెల్లించి పొందిన సేవలో లోపం ఉందనుకుంటే, 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, విశాఖ వెళ్లనక్కరలేదు. ఫోన్లు వచ్చిన నంబర్లు, తేదీలు, యాప్‌కు కట్టిన రసీదు మాత్రం ఇప్పటి నుంచే భద్రపరచండి.