కార్డోబాలో రెండు రోజులు: అమ్మానాన్నలతో ఏమేం చూడాలి?

గౌతమీతీరం:
ఏప్రిల్ చివర్లో అమ్మానాన్నలను స్పెయిన్ తీసుకెళ్తున్నాను. మాడ్రిడ్ నుంచి రైల్లో కార్డోబా వెళ్లి రెండు రోజులు ఉంటాం. నాన్నగారు చరిత్ర మాస్టారుగా పనిచేశారు, ఏ కట్టడాన్నీ పైపైన చూడరు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. మెస్కీతా, అంటే ఒకప్పటి పెద్ద మసీదు, చూస్తే చాలా, ఊరి బయట శిథిలాలుగా ఉన్న మదీనా అసహారా నగరానికీ వెళ్లాలా?

రాతిపని:
ముందు మెస్కీతాకు ఒక పూటంతా ఉంచుకోండి. గంటలో చుట్టేసి వస్తే చూసినట్టే కాదు. దాన్ని కట్టిన వరుసలోనే చూడమని నాన్నగారికి నా మాటగా చెప్పండి.

నారింజ చెట్ల ప్రాంగణం దాటి లోపలికి వెళ్లగానే ఉండేది 785లో అప్పటి ముస్లిం పాలకుడు మొదటి అబ్దుల్ రహమాన్ మొదలుపెట్టిన భాగం. స్తంభాలు పాత రోమన్ల, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి. రంగులు వేరు, తలకట్టు చెక్కడాలు వేరు. ఆ పొట్టి స్తంభాల మీద కప్పును ఎత్తులో నిలపడానికే కమాను మీద కమాను వేశారు. ఎర్ర ఇటుక, తెల్ల రాయి మార్చి మార్చి పేర్చారు.

అక్కడి నుంచి నది వైపు నడిస్తే ఖలీఫా రెండో హకమ్ కట్టించిన మిహ్రాబ్, అంటే ప్రార్థన దిశను చూపే గోడలోని గూడు. బంగారు మొజాయిక్ ముందు తొందరపడకండి. తర్వాత ఎడమకు తిరగండి. అది 987లో ప్రధానమంత్రి అల్ మన్సూర్ పెంచిన భాగం. దక్షిణాన నది దగ్గరగా ఉండటంతో తూర్పుకు పెంచారు. మిహ్రాబ్ గోడకు నడిమధ్యన లేకపోవడానికి కారణం అదే. ఇక్కడ కమానులను దగ్గరగా చూడండి: ఎరుపు ఇటుకది కాదు, రాతికి పూసిన రంగు! పని ఎంత వేగంగా జరిగిందో అక్కడే తెలిసిపోతుంది.

మధ్యలో కేథడ్రల్ వస్తుంది. 1236లో నగరం క్రైస్తవ రాజు ఫెర్నాండో చేతికి వచ్చాక మసీదు చర్చి అయింది. 1523లో నడుమ స్తంభాలు తొలగించి ఈ కేథడ్రల్ మొదలుపెట్టారు. నగర పాలక మండలి అప్పుడే అభ్యంతరం చెప్పింది. నాకూ అక్కడ మనసు కలుక్కుమంటుంది. అయినా గాయకులు కూర్చునే చోట చెక్కపని అద్భుతం, దాటిపోకండి.

మజ్జిగపులుసు:
అమ్మగారికి లోపల ఇబ్బంది ఉండదు, నేల చదునుగా ఉంటుంది. గంటల గోపురం మాత్రం వద్దు, అన్నీ మెట్లే. యూదుల పేట సందుల్లో గులకరాళ్లు పరిచారు, మెత్తటి బూట్లు వేయించండి. అక్కడ 1315 నాటి చిన్న సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఉంది, గోడల మీద హీబ్రూ అక్షరాలు చెక్కారు. స్పెయిన్‌లో మధ్యయుగపు సినగాగ్‌లు మిగిలినవే అతి కొద్ది.

భోజనానికి వంకాయ వేపుడు అడగండి, పైన చెరకు పాకం పోసి ఇస్తారు. సల్మొరేహో అనే చల్లని టమాటా చారు చిక్కగా బాగుంటుంది. దాని మీద గుడ్డు, పంది మాంసం ముక్కలు చల్లుతారు కాబట్టి "సిన్ హమోన్, సిన్ వేవో" అని ముందే చెప్పండి.

గౌతమీతీరం:
చాలా సంతోషం అండీ. మేం ఆదివారం సాయంత్రం దిగి మంగళవారం రాత్రి బయలుదేరతాం. మదీనా అసహారా ఎప్పుడు పెట్టుకోమంటారు?

రాతిపని:
మంగళవారం ఉదయం. సోమవారం అక్కడ సెలవు. 936లో మూడో అబ్దుల్ రహమాన్ మొదలుపెట్టిన రాజధాని అది, నూరేళ్లు నిండకుండానే అంతర్యుద్ధంలో ధ్వంసమైంది. ముందు మ్యూజియం చూడండి. అక్కడి నుంచి పైకి బస్సు ఉంది. శిథిలాలు కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటాయి, నీడ తక్కువ. అమ్మగారికి కష్టమనిపిస్తే మ్యూజియంలోనే ఉండమనండి, నాన్నగారిని మాత్రం తప్పకుండా పైకి తీసుకెళ్లండి.