వెలిసిపోతున్న ఆటోగ్రాఫ్‌లు: ఫ్రేముకు మంచి అద్దం వేయిస్తే సరిపోతుందా?

ప్రశ్న

మా మేనమామగారు ఏళ్ల తరబడి సేకరించిన ఆటోగ్రాఫ్‌లు ఇటీవల నా దగ్గరకు వచ్చాయి. వాటిలో ఫౌంటెన్ పెన్నుతో సంతకం చేసిన పాత ఉత్తరాలు, బాల్‌పెన్ను సంతకాలున్న ఒక ఆటోగ్రాఫ్ పుస్తకం, నల్ల మార్కరుతో సంతకం చేసిన కొన్ని రంగుల ఫోటోలు ఉన్నాయి. చాలాకాలంగా గోడమీద ఉన్న ఒక ఫోటోను శుభ్రం చేద్దామని ఫ్రేము విప్పితే, మౌంటు అట్ట అంచు కింద దాగిన సంతకపు చివరి గీత ఇంకా నల్లగానే ఉంది. వెలుగు తగిలిన మిగతా సంతకమంతా లేత గోధుమరంగుకు తిరిగింది. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వేయిస్తే ఇది ఇంతటితో ఆగుతుందా? మిగిలిన వాటికి లామినేషన్ చేయించడం గానీ, పైన పారదర్శకమైన స్ప్రే కొట్టించడం గానీ మంచిదేనా? వెలిసిన సంతకాన్ని తిరిగి తెచ్చుకునే మార్గం ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయండి.

జవాబు 1

ఆ అట్ట అంచు దగ్గర మీరు చూసిన తేడాలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు ఉంది. రెండు వైపులా కాగితం ఒకటే, సిరా ఒకటే, గది ఒకటే. మారింది వెలుగు మాత్రమే. మంచి రకం అద్దాలు, అక్రిలిక్ పలకలు అతినీలలోహిత కిరణాలలో 97 శాతానికి పైగా ఆపుతాయి కాబట్టి తప్పక వేయించండి. అయితే కంటికి కనిపించే మామూలు వెలుగు కూడా రంగు అణువులను విరగ్గొడుతుంది, దాన్ని కూడా ఆపితే ఫోటోయే కనిపించదు. కనుక ఆ అద్దం నష్టాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు.

వెలుగు చేసే నష్టం ఎప్పటికప్పుడు కూడుతూ పోతుంది. కొన్నాళ్లు చీకట్లో ఉంచినంత మాత్రాన పోయిన రంగు తిరిగి రాదు. మ్యూజియంలు సున్నితమైన కాగితపు వస్తువుల మీద సాధారణంగా 50 లక్సులకు (లక్సు అంటే వెలుగు తీవ్రతను కొలిచే ప్రమాణం) మించి వెలుగు పడనివ్వవు. నేరుగా పడే ఎండ తీవ్రత లక్ష లక్సుల దాకా ఉంటుంది. అంటే అతినీలలోహిత కిరణాల సంగతి పక్కన పెట్టినా, ఒక్క గంట ఎండలో తగిలే వెలుగు ఆ మసక వెలుగులో 2,000 గంటలు ఉంచినదానికి సమానం.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన అసలు ప్రతిని 1841 నుంచి 1876 దాకా వాషింగ్టన్‌లోని పేటెంట్ కార్యాలయంలో కిటికీ వెలుగు పడే గోడకు వేలాడదీశారు. అంతకుముందు దాన్ని పదేపదే చుట్టడం, విప్పడం వల్ల కూడా కొంత దెబ్బతిన్నదన్నది నిజమే. ఏది ఏమైనా, దాని మీదున్న 56 సంతకాలలో చాలావాటిని ఇవాళ పోల్చుకోవడమే కష్టం. అది తోలుపత్రం మీద ఇనుప సిరాతో, అంటే ఇనుప లవణం కలిపి చేసే పాతకాలపు సిరాతో రాసినది; నేటి మార్కరు కంటే ఎంతో గట్టి సిరా అది.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ, సిరాల గురించి, తొడుగుల గురించి కొంత చేర్చుతాను. ఎందుకంటే మీ దగ్గరున్న మూడు రకాలకూ ఒకే జాగ్రత్త సరిపోదు.

మార్కరు, బాల్‌పెన్ను సిరాలలో ఎక్కువ భాగం కరిగిన రంగులతో తయారవుతాయి, అవే అన్నిటికంటే త్వరగా వెలుస్తాయి. ముఖ్యంగా నీలి, ఊదా బాల్‌పెన్నుల రంగులు వెలుగుకు ఏమాత్రం ఆగవు. బొగ్గుమసితో చేసే ఇండియన్ ఇంకు, పెన్సిలు గ్రాఫైటు వెలుగుకు చెక్కుచెదరవు. మాచికాయ, అన్నభేది కలిపి చేసే ఇనుప సిరా మధ్యస్థంగా ఉంటుంది గానీ, దాని ఆమ్లగుణం కాలక్రమంలో కాగితాన్నే తినేస్తుంది. పాత ఉత్తరాలలో అక్షరాల వెంబడి కాగితం గోధుమరంగుకు తిరిగి పెళుసుబారి ఉంటే, వాటిని మడతలు విప్పి మూయడం మానేసి, గట్టి అట్ట ఆధారంగా పరిచి ఉంచండి.

లామినేషన్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించవద్దు. వేడి, జిగురు రెండూ కాగితంలోకి ఇంకిపోతాయి, దాన్ని విడదీయడం దాదాపు అసాధ్యం. స్ప్రే కూడా అంతే ప్రమాదం: మార్కరు సిరా ఆల్కహాలు వంటి ద్రావకాలలో కరుగుతుంది, స్ప్రేలలో ఉండేవీ అలాంటి ద్రావకాలే కనుక గీతలు అక్కడికక్కడే అలుక్కుపోవచ్చు. మెత్తగా ఉండి ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ తొడుగులలో ఏదైనా పెట్టి ఉంటే ఈరోజే తీసేయండి. పీవీసీని మెత్తబరిచే రసాయనాలు బయటికి ఊరి సిరాను తమవైపు లాగేస్తాయి. పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ తొడుగులు క్షేమం. ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఎదురెదురు పేజీల సిరా ఒకదానికొకటి అంటకుండా మధ్యమధ్య ఆమ్లరహితమైన పలుచటి కాగితం పెట్టండి.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. లామినేషన్ ఆలోచన మానుకున్నాను. అయితే అన్నిటినీ పెట్టెలో పెట్టి మూసేస్తే, వాటిని నలుగురూ చూడాలన్న మామయ్యగారి కోరిక ఏమవుతుందన్నదే నా బాధ. ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే గోడమీద ఉంచి, మిగతా కాలం లోపల దాచితే సరిపోదా?

జవాబు 3

అలా వంతులవారీగా పెట్టడం మ్యూజియంలలోనూ ఉన్న పద్ధతే. ఇనుప సిరా ఉత్తరాల విషయంలో నేను అభ్యంతరం చెప్పను. మార్కరు సంతకాలకు మాత్రం నా సలహా వేరు: గోడమీద నాణ్యమైన నకలు ఉంచి, అసలును చీకట్లో భద్రపరచండి. ఫ్రేములో ఉన్నది నకలని వచ్చినవారికి చెప్పి, అడిగినవారికి అసలును తీసి చూపించవచ్చు. మీ పెన్నులు ఎంత త్వరగా వెలుస్తాయో తెలుసుకోవాలంటే, అదే రకం పెన్నుతో ఒక చిత్తు కాగితం మీద గీతలు గీసి, సగభాగాన్ని అల్యూమినియం రేకుతో కప్పి కొన్ని వారాలు కిటికీలో ఉంచండి. రేకు తీసి చూశాక నిర్ణయం మీకే సులువవుతుంది.

వెలిసిన సంతకం గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. ఇనుప సిరా అయితే, మామూలు వెలుగులో కనిపించని అక్షరాలు అతినీలలోహిత దీపం కింద ముదురుగా కనిపించే అవకాశం ఉంది. ఫోటో తీయడానికి కావలసినంత సేపే ఆ దీపాన్ని వాడాలి. మార్కరు రంగు విరిగిపోతే దాన్ని తిరిగి తెచ్చే పద్ధతి లేదు. దయచేసి ఎవరిచేతా ఆ గీతల మీద దిద్దించవద్దు. పాలిపోయినా అది ఆ మనిషి చేతి రాతే. దిద్దిన మరుక్షణం అది వేరొకరి రాత అవుతుంది, అసలుదని నిరూపించే ఆధారం కూడా దాని కిందే పూడిపోతుంది.

దాచే చోటు విషయానికొస్తే, పైకప్పు కింది అటక, బయటి గోడకు ఆనుకున్న అలమర, వంటగది పక్క గది పనికిరావు. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండే లోపలి గది మేలు. చెక్క పెట్టెల నుంచి ఆమ్ల ఆవిర్లు వస్తాయి కాబట్టి ఆమ్లరహిత అట్టపెట్టెలే వాడండి. లోపల పెట్టే ముందు ప్రతి సంతకాన్నీ కనీసం 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) వద్ద రంగుల్లో స్కాన్ చేసి, తేదీతో భద్రపరచుకుంటే, కొన్నేళ్ల తర్వాత అసలుతో పోల్చి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది.